తోలే బండి, ఉంచుకునే బండి

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం కాలనీవాళ్ళు పెట్టుకున్న సభలో ఒక విశ్రాంత పశువైద్యాధికారి మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నోళ్ళకు వినపడతా ఉందా? ఆ ఫ్యాను ఒక పాయింటు తగ్గించు నాయనా. అది నా పాత కారు మాదిరే కొట్టుకుంటా ఉంది, నా మాట నాకే వినపడ్డంలేదు.

నన్ను మాట్లాడమంటే గొడ్ల గురించేమో అనుకున్నా. ముప్పై రెండేండ్లు పశువుల డాక్టరుగా చేసినవాణ్ణి, నాకు ఇంకేం తెలుసు? కాదు, కార్ల గురించి చెప్పమన్నారు. ఎందుకో నాకు తెలుసు. ఈ కాలనీలో కారు కొనాలనుకున్న ప్రతివాడూ మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఏ కారు మంచిదని నన్నడిగి, గంటసేపు విని, పోయి తనకు ముందే నచ్చిన కారే కొంటాడు. (నవ్వులు) ఒక్కొక్కరికి చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెప్పించేస్తే నా కాఫీ పొడన్నా మిగులుతుందని మా ఆవిడే ఈ ఏర్పాటు చేసిందని నా అనుమానం.

నేను సొంతానికి కొన్నవి ఐదు కార్లు. డిపార్టుమెంటు జీపులు వేరే. ఇన్నేండ్లలో నాకు అర్థమైంది ఒకటే. తోలేదానికి మంచి బండి వేరు, ఉంచుకునేదానికి మంచి బండి వేరు. షోరూంలో ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. పది నిమిషాలు టెస్ట్‌డ్రైవు ఇస్తారు, ఏసీ చల్లగా, రోడ్డు నున్నగా. ఆ పది నిమిషాల్లో తెలిసేది తోలడం ఒక్కటే. ఉంచుకోవడం తెలియాలంటే మన అనంతపురం ఎండాకాలాలు రెండు దాటాల, ఇన్సూరెన్సు ఒకసారి కట్టాల, బంపరు ఒకసారి యాడన్నా గీరుకోవాల.

నేను తోలడం నేర్చుకున్నది మా చిన్నాయన అంబాసిడర్లో. గుత్తిలో ఆయనకు టాక్సీ ఉండేది. నేర్పించింది చెరువులో. మన జిల్లాలో చెరువంటే నీళ్ళు ఉండాలని రూలేం లేదు కదా. గట్టు ఒకటి ఉంటే చాలు, చెరువే. ఆ ఎండిపోయిన చెరువులో నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఆయన బయట తుమ్మచెట్టు నీడలో బీడీ కాల్చుకుంటా, 'తోలబ్బీ, తగిలేదానికేముండాది ఈడ' అనేవాడు.

కుర్రవాళ్ళు అంబాసిడర్ని ఫోటోల్లో చూసింటారు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చు తెచ్చి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వాళ్ళు చేసేవాళ్ళు. 1950ల చివర మొదలైంది, 2014లో ఆగిపోయింది. అంత కాలం ఆకారం పెద్దగా మారలేదు. ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ, గేరు రాడ్డు స్టీరింగు కిందనే. దానివల్ల ముందర ముగ్గురు, ఇంకొంచెం సర్దుకుంటే నలుగురు. పెండ్లిళ్ళలో ఆ కారులోంచి దిగేవాళ్ళను లెక్కబెట్టడం మాకొక ఆట. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పాలంటే మూరెడు చెమట. కదిలిందంటే మాత్రం తేలిక. ఎనుము కూడా అంతే. నిలబడిన ఎనుమును తోక పట్టి లాగినా కదలదు, నడవడం మొదలుపెడితే చిన్న పిల్లోడు కూడా ఎటంటే అటు మళ్ళిస్తాడు. తొందర పనికిరాదని ఆ కారు నాకు నేర్పింది. బ్రేకు తొక్కేది ఇక్కడ, నిలబడేది అక్కడ. అందుకే ముందునుంచే ఆలోచించి తోలేవాళ్ళం.

నా సొంతానికి మొదట కొన్నది 1990లో, సెకండ్‌హ్యాండ్ ప్రీమియర్ పద్మిని. ఫియట్ అనే అంటాం అందరం. ఇటలీ ఫియట్ 1100 కారునే బొంబాయి కుర్లాలో చేసేవాళ్ళు, 1089 సీసీ ఇంజను. అది నా చేతికొచ్చేటప్పటికే పదకొండేండ్ల బండి, నేను మూడో యజమానిని. అంటే దాని రోగాలన్నీ కంపెనీ ఇచ్చినవి కావు, ముందు ఇద్దరు ఇచ్చినవి, తర్వాత నేనిచ్చినవి.

దాన్ని తోలడం గురించి చెప్పమంటే నాకు ఇప్పటికీ చేతులు ఊరుకోవు. సన్నని స్టీరింగు, ఎడంచేతి వేళ్ళతో గేరు మార్చడం, మూడు నుంచి రెండుకు దించేటప్పుడు ఆక్సిలేటరు చిన్నగా ఒక తట్టు తట్టితే గేరు వెన్నలో దిగినట్టు దిగేది. కూర్చుంటే బానెట్టు రెండు అంచులూ కనపడేవి. ఏడ మొదలవుతుంది, ఏడ అయిపోతుంది అని కంటికే తెలుస్తుంది. ఇప్పటి కార్లలో బానెట్టు ఎక్కడుందో కెమెరా చెప్పాల. ఎంత పెద్ద కారులోకి మారినా, ఇరుకు సందులో ఆ బండిని తిప్పినంత ధైర్యంగా నేను ఇంకోదాన్ని తిప్పలేదు.

మరి ఉంచుకోవడం? దానికి ఒక కథ చెప్తా.

1991, మే నెల. గుత్తి నుంచి వస్తా ఉన్నాను, నేనూ మా అమ్మా. పామిడిలో టీ తాగేదానికి ఆపినాను. ఇంజను ఆపేసి పది నిమిషాలు కూర్చున్నాం. అదే నేను చేసిన తప్పు. మళ్ళీ స్టార్టు చేస్తే అయింది, పెన్న దాటి ఒక ఫర్లాంగు పోయింది, రెండు సార్లు దగ్గింది, చచ్చిపోయింది. పెట్రోలుంది, బ్యాటరీ ఉంది, రేడియేటరులో నీళ్ళున్నాయి. సంగతేమంటే, ఆ కాలం కార్లకు పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఫ్యాను గాలికి కొంచెం చల్లగా ఉంటుంది. ఆపేస్తే ఇంజను వేడంతా దాని మీదికి ఎక్కుతుంది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. పైపులో పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. వేపర్ లాక్ అంటారు. కార్బ్యురేటర్ బండ్లన్నిటికీ ఉన్న జబ్బే, మన ఎండకు ఇంకా ఎక్కువ.

మందేమంటే తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి కూర్చోవాల. గుడ్డ ఉంది, నా తువ్వాలు. నీళ్ళు లేవు. తెచ్చుకున్న నీళ్ళు అమ్మా నేనూ పామిడికి ముందే తాగేసినాం. పెన్నలో చూస్తే ఇసుక. అప్పుడు గొర్రెల్ని తోలుకుంటా ఒకాయన వచ్చినాడు. నన్ను గుర్తుపట్టినాడు. అంతకు నెల ముందు నేను ఆయన గొర్రెలకు సూదులు వేసినాను. భుజానికున్న ప్లాస్టిక్ క్యాను తీసి, బానెట్టు లోపలికి తొంగి చూసి, 'యాడ పొయ్యాల సార్, నోరు యాడుండాది దీనికి?' అన్నాడు. చూపించినాను. సగం క్యాను నీళ్ళు ఆ తువ్వాలు మీద పోసినాడు. పోసి, 'గొర్రెలకు తాపాల్సిన నీళ్ళు నీ కారుకు తాపుతాండా, గుర్తుపెట్టుకో' అన్నాడు. ఇరవై నిమిషాలకు లేచింది బండి. మా అమ్మ మాత్రం ఊరు చేరేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక ఒకటే అన్నది: 'ఎద్దులబండి అయితే ఎద్దులకు దప్పికైతాదని ముందే తెలిసేదే.'

అప్పుడు నాకు అలవాటైన మెకానిక్కు భాయ్ ఒకాయన ఉండేవాడు, కమలానగర్ వైపు చిన్న షెడ్డు. ఆయన పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసేది. ఇంజను స్టార్టు చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకునేవాడు. ఒకచోట విని, రెండించులు జరిపి, ఇంకోచోట. నేను ఆవు ఎడమ డొక్కలో స్టెతస్కోపు పెట్టి కడుపు కదలిక వినేది ఇట్లాగే. నిమిషానికి ఒకటో రెండో సార్లు దూరంగా ఉరిమినట్టు వినపడాల. వినపడలేదంటే మేత ఆగిపోయిందని అర్థం. నోరులేని రోగిని చూసేవాళ్ళం ఇద్దరమూ. ఒకరోజు స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి 'మీరే వినండి డాక్టర్ సాబ్' అన్నాడు. విన్నాను. మూడో సిలిండరు దగ్గర టిక్కు టిక్కు అని సన్నగా, మిగతా చప్పుడు కిందనుంచి. టాపెట్టు, అంటే ఇంజను వాల్వును నెట్టే ముక్క. ఆ రోజునుంచి నేను కారు తోలేటప్పుడు రేడియో పెట్టడం మానేసినాను.

అది సుఖమా, కష్టమా అంటే రెండూనూ. నెలకొక ఆదివారం ఆ షెడ్డులోనే పోయేది. జీతంలో ఇంతని దానికి పక్కన పెట్టేవాళ్ళం. మా ఆవిడ దానికి సవతి అని పేరు పెట్టింది. 1995లో అమ్మేసినాను. అమ్మిన రోజు బాధపడ్డాను, అమ్మిన వారానికి హాయిగా నిద్రపోయినాను.

తర్వాత కొన్నది మారుతి 800, కొత్తది. ఈ కారు గురించి తెలియనివాళ్ళు లేరు. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చినారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, బరువు ఆరువందల యాభై కిలోల చిల్లర. తాళం తిప్పితే స్టార్టవుతుంది. మీకు ఇది మాట కాదు. మాకు అద్భుతం. చోకు లాగి, రెండు సార్లు పంపు కొట్టి, దేవుడికి దండం పెట్టి తిప్పినవాళ్ళం. పొద్దున తాళం తిప్పితే కారు స్టార్టయింది, నేను ఆఫీసుకు పోయినాను. అంతే, చెప్పుకునేదానికి కథే లేదు! ఉంచుకునేదానికి మంచి బండి అంటే నా దృష్టిలో ఇదే. దాని గురించి చెప్పేదానికి కథలుండవు.

తోలేటప్పుడు మాత్రం లారీ పక్కన పోతే ఆ గాలికి ఒక అడుగు జరిగేది. చక్రాలు చిన్నవి, పన్నెండు ఇంచులు. కళ్యాణదుర్గం రోడ్డులో ప్రతి గుంతనూ వదలకుండా పలకరించేది. ఏసీ వేసుకుని ఓవర్‌టేక్ చెయ్యాలంటే ముందు ఏసీ ఆపి, తర్వాత గేరు దించి, తర్వాత లారీ దాటి, మళ్ళీ ఏసీ వేసుకోవాల. పక్క సీట్లో కూర్చునే మా ఆవిడకు ఏసీ మీట నొక్కడమే ఉద్యోగం.

నాకు ఇంకో చిక్కు. పశువులకు కృత్రిమ గర్భధారణకు వీర్యం గొట్టాలు ద్రవ నత్రజనిలో పెట్టి తీసుకుపోతాం. సున్నాకు కింద 196 డిగ్రీల చలి. ఆ క్యాను నిలువుగానే ఉండాల, పడుకోబెడితే లోపలిదంతా కారిపోతుంది. జీపు రిపేరుకు పోయిన రోజు దాన్ని నా 800లో తీసుకుపోవాల్సి వచ్చేది. వెనక సీటుకు ముందు సీటుకు మధ్య ఇరికించి, చుట్టూ గోతాలు కుక్కి, కిటికీ అద్దాలు దించి పోయేవాణ్ణి. అది ఆవిరవుతా ఉంటుంది కాబట్టి అద్దాలు మూస్తే మనకు ఊపిరాడదు. డిక్కీలో ఎందుకు పెట్టలేదంటారా, డిక్కీ ఉంటే కదా. రెండు సంచులు పెడితే నిండిపోయేది. ఉరవకొండ దగ్గర ఒకసారి పొగమంచులో రోడ్డు దిగి కాలవలోకి పోయినాను, పూర్తిగా నా తప్పే. నలుగురు రైతులు వచ్చినారు. 'జరగండి సార్' అని తలో మూలా పట్టుకుని కారును ఎత్తి రోడ్డు మీద పెట్టినారు. నన్ను దిగమని కూడా అనలేదు.

సాంత్రో గురించి ఎక్కువ చెప్పను. 2002లో కొన్నది మా అమ్మ కోసం. మోకాళ్ళు నొప్పులు, 800లోకి దిగాలంటే నేల మీద కూర్చున్నట్టే. శ్రీపెరంబుదూరులో హ్యుండయ్ వాళ్ళు 1998 నుంచి చేసినారు దాన్ని. ఎత్తుగా, నిలబెట్టిన ఇటుక మాదిరి ఉండేది. అందరూ దాని రూపం చూసి నవ్వినారు. మా అమ్మ వెనక తలుపు తెరిచి వంగకుండా కూర్చుని, 'అరుగు మీద కూచున్నట్టుండాది' అన్నది. కార్ల గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ, ఏ పత్రికలోనూ ఈ కొలత చూడలేదు. సీటు అరుగంత ఎత్తులో ఉందా, లేదా. ఇంట్లో పెద్దవాళ్ళున్నోళ్ళు షోరూముకు వాళ్ళను కూడా పిలుచుకుపోండి. సీసీలు, హార్స్‌పవర్లు తర్వాత.

ఒక మాట, మధ్యలో. రాయలసీమ అంటే బయటివాళ్ళకు సుమోలు, స్కార్పియోలు. సినిమాల్లో మనవి వరసగా దుమ్ము లేపుకుంటా వస్తాయి కదా. సుమో అంటే జపాను పహిల్వాను అనుకుంటారు అందరూ. కాదు. టాటా మోటార్స్‌లో సుమంత్ మూల్గావ్కర్ అని పెద్ద ఇంజనీరు, ఆయన పేరు ఇంగ్లీషులో రాస్తే వచ్చే మొదటి అక్షరాలు, సు, మో. 1994లో వచ్చింది. నేను తోలినాను. వెనక చక్రాలు లాగే బండి, చట్రం మీద బాడీ కూర్చోబెట్టి ఉంటుంది, మలుపులో ఊగుతుంది. పదిమందిని పల్లె నుంచి ఆస్పత్రికి తీసుకొచ్చేదానికి అంత మంచి బండి ఇంకోటి లేదు. మన సీమలో అది చేసిన నిజమైన పని అది. సినిమావాళ్ళకు అది పనికిరాలేదు.

2011లో స్విఫ్ట్ డీజిల్ కొన్నాను. ఇందులో ఒక తమాషా ఉంది. దాని 1248 సీసీ డీజిల్ ఇంజను ఫియట్ వాళ్ళది. సవతి మళ్ళీ ఇంటికొచ్చిందని మా ఆవిడతో అన్నాను. (నవ్వులు) టర్బో ఇంజను ఎట్లాంటిదో తోలినవాళ్ళకు తెలుసు. నిమిషానికి రెండువేల చుట్ల లోపల నిద్రపోతా ఉంటుంది. టౌనులో రెండో గేరులో నెమ్మదిగా పోతే ముసలి ఎద్దు. రెండువేలు దాటిందా, వెనకనుంచి ఎవరో నెట్టినట్టు లేస్తుంది. ఆ రెండు స్వభావాల మధ్య తోలడం నేర్చుకునేదానికి నాకు ఆరు నెలలు పట్టింది. నేర్చుకున్నాక హైవే మీద అంత సంతోషం పెట్టిన కారు ఇంకోటి లేదు. కర్నూలుకు పోవాలంటే నూటయాభై కిలోమీటర్లు, గేరు ఐదు నుంచి దించే పని పెద్దగా పడేది కాదు.

ఘాటు దిగడంలో కూడా దాని గుణం తెలిసింది. రాయచోటి నుంచి కడపకు పోతే గువ్వలచెరువు ఘాటు ఉంది కదా, పాలకోవా ఊరు దాటినాక దిగుడు. అక్కడ ప్రమాదాలు ఎన్ని జరుగుతాయో పేపర్లలో చూస్తానే ఉంటాం. నేను దిగేటప్పుడు రెండో గేరులో వేసి ఆక్సిలేటరు వదిలేసినాను. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకుకు పని తక్కువ. కింద మలుపులో ఒక కుర్రోడు కారు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ముందు చక్రాల దగ్గర పొగ. మైలేజీ వస్తుందని న్యూట్రల్‌లో దిగినాడంట. పైనుంచి కిందిదాకా బ్రేకు తొక్కుతానే వచ్చినాడు, చివరి రెండు మలుపుల్లో పెడలు మెత్తబడిపోయింది. చక్రం మీద నీళ్ళు పోయబోతా ఉంటే నేనే వద్దన్నాను. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్ళు పోస్తే వంకర పోతుంది. అరగంట నీడలో కూర్చోబెట్టి, నా దగ్గరున్న కోవా పెట్టి పంపించినాను. ఎన్ని గేర్లున్న బండైనా, ఆటోమేటిక్ అయినా, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్‌లో కూడా గేరును కింద పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. తాళాలు తీసుకునే రోజే అడిగి తెలుసుకోండి.

ఇక డీజిలా పెట్రోలా అని నన్ను అడగని వాళ్ళు లేరు. కాగితం తీసి లెక్క వెయ్యండి. పెట్రోలు బండి లీటరుకు 18, డీజిల్ బండి 22 ఇస్తుందనుకుందాం. పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 97 అనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 73 వేల చిల్లర, డీజిల్‌కు 53 వేలు. ఏటా 20 వేలు మిగులు. డీజిల్ బండి కొనేటప్పుడు లక్షా ముప్పై వేలు ఎక్కువ పెట్టింటే, ఆ డబ్బు ఆరేడేండ్లలో తిరిగి వస్తుంది. అదే ఏడాదికి 5,000 కిలోమీటర్లే తిరిగితే? మిగిలేది ఎనిమిదిన్నర వేలు. లక్షా ముప్పై వేలు రావాలంటే పదిహేనేండ్లు. ఆర్‌సీ ఇచ్చేదే పదిహేనేండ్లకు!

ఇంకోటి కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చినాక డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఒకటి పెట్టినారు, డీపీఎఫ్ అంటారు. అది నిండినప్పుడు బాగా వేడెక్కితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. వేడెక్కాలంటే హైవే మీద కొంతసేపు ఆగకుండా పోవాల. మా మిత్రుడొకాయన ఇంటినుంచి మార్కెట్టుకు, మార్కెట్టునుంచి ఇంటికి తిరిగేదానికి డీజిల్ కారు కొన్నాడు. నాలుగు నెలలకు డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు. ఇప్పుడు ఆయన రెండు వారాలకొకసారి, పని లేకపోయినా, గుత్తిదాకా పోయి టీ తాగి వస్తాడు. కారుకు వాకింగు చేయిస్తా ఉన్నాడు.

సరే, ఇప్పటి కారు. 2020లో కియా సెల్టోస్ కొన్నాను, పెట్రోలు, ఆటోమేటిక్. మీలో చాలామంది పెనుకొండ కియా ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాళ్ళే, నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. ఎర్రమంచి దగ్గర నేను గొర్రెలకు సూదులేసిన మెట్ట అది. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ. నీళ్ళు హంద్రీ-నీవా కాలవ మీది గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. ఇప్పుడది సత్యసాయి జిల్లా అయింది గానీ, నేను మాత్రం మా అనంతపురం కారే అంటాను. వేరుసెనక్కాయలు, ధర్మవరం పట్టుచీరలు, కరువు తప్ప ఈ దిక్కునుంచి పేరు చెప్పుకుని బయటికి పోయిన వస్తువు ఇంకోటి నా చిన్నప్పుడు లేదు.

తోలడం? గేరు ఎప్పుడు మారిందో తెలియదు. బెల్టు మీద నడిచే గేరుబాక్సు, నూనె పోసినట్టు పోతుంది. కాళ్ళకు పని సగమైంది. బెంగళూరు ట్రాఫిక్కులో రెండు గంటలున్నా మోకాలు నొప్పి రాదు. కానీ నిజం చెప్పాలంటే నేను దాన్ని తోలడంలేదు, దారి చెప్తా ఉన్నాను, అంతే. ఐదేండ్లలో నేను బానెట్టు తెరిచింది నాలుగు సార్లు. నాలుగు సార్లూ వైపరుకు నీళ్ళు పోసేదానికే. తెరిస్తే ఏముంది, నల్ల ప్లాస్టిక్ మూత. స్క్రూడ్రైవరు యాడ పెట్టాల? ఆ భాయ్ దగ్గరికి ఒకసారి తీసుకుపోయినాను, ఊరికే చూపిద్దామని. చుట్టూ తిరిగి చూసి, 'దీని నాడి కంప్యూటరుకే దొరుకుతుంది సాబ్' అన్నాడు. ఆయన కొడుకు ఇప్పుడు స్కానరు పెట్టుకున్నాడు. చెవి పని అయిపోయింది.

బాధ ఒకటుంది, అది కారుతో కాదు. ఒక షోరూంలో, ఏదని అడగొద్దు, ఏ ఊరని కూడా అడగొద్దు, మామూలు సర్వీసుకు ఇస్తే పద్నాలుగు వేల బిల్లు చేతికొచ్చింది. చూస్తే అందులో ఏసీ శుద్ధి, ఇంజను పాలిషింగు, ఇంకేదో కోటింగు. నేను అడగలేదే అంటే జాబ్‌కార్డు తీసి చూపించినారు, కింద నా సంతకం. అద్దాలు పెట్టుకోకుండా చేసిన సంతకం. మీరు పెట్టుకోండి. కంపెనీ మాన్యువల్లో ఏ కిలోమీటరుకు ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. దాంట్లో లేనిది చెయ్యాలంటే ఎందుకో చెప్పించుకోండి.

కరెంటు కారు కూడా తోలినాను. బెంగళూరులో మా అబ్బాయిది. దాంట్లో నన్ను ఆశ్చర్యపెట్టింది వేగం కాదు. పెడలు మీదనుంచి కాలు తీస్తే చాలు, మోటారు తిరగబడి జనరేటరు అవుతుంది, బండి నిదానిస్తుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. దిగుడు రోడ్డులో కిలోమీటర్లు పెరుగుతాయి! ఘాటు దిగేదానికి అంత మంచి బండి లేదు. కానీ చిలమత్తూరు దగ్గర ఒక పల్లె రోడ్డులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. ఎన్నేండ్లో గొర్రెల మధ్య కారు తోలినవాణ్ణి, ఇంజను చప్పుడుకు అవి చెవులు వెనక్కి తిప్పి పక్కకు పోతాయి. ఆ రోజు ఒక్క చెవి కదల్లేదు. వాటికి మేం వచ్చినట్టే తెలియదు. హారను కొట్టాల్సి వచ్చింది, మంద చెల్లాచెదురైంది, కాపరితో తిట్లు తిన్నాం. ఇల్లు సొంతమై, కరెంటు ప్లగ్గు పెట్టుకునే వాకిలి ఉంటే టౌనులో తిరిగేదానికి ఈ కారే లాభం. అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటే ముందు కింద ప్లగ్గు సంగతి తేల్చుకోండి, తర్వాత రంగు ఎంచుకోండి.

నేను ఆపుతాను. ఎవరన్నా అడగాలంటే అడగండి.

(ఒకామె: సార్, నాకు నలభై ఐదేండ్లు, ఇప్పుడు నేర్చుకోవాలనుంది. మా ఇంట్లో ఆయన నేర్పిస్తానంటాడు, రెండో రోజే గొడవ.)

గొడవ కాక ఏమవుతుందమ్మా! పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతా అరిచేవాడు నేర్పించకూడదు. నేను మా ఆవిడకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నేర్పించబోయి రెండో రోజు ఇంటికి నడిచొచ్చినాను. కారు ఆమె తోలుకొచ్చింది. డ్రైవింగ్ స్కూలుకు పోండి, రెండు బ్రేకులున్న బండి. క్లచ్ బండి మీదనే నేర్చుకోండి, ఘాటు కథ అందుకే చెప్పినాను. తర్వాత ఆటోమేటిక్ కొనుక్కోండి, ఎవరేమన్నా.

(ఒక యువకుడు: సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు ఏం చూడాల సార్?)

పొద్దున్నే పో, చెప్పకుండా పో. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీ కండ్ల ముందర స్టార్టు చెయ్యమను. ముందే వేడి చేసి పెట్టిన బండి దేన్నో దాస్తా ఉంటుంది. ఆయిలు మూత తీసి కింద చూడు, మీగడ మాదిరి తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినాయేమో అనుమానించు. మీటరు ముప్పై వేలు చూపిస్తా ఉందా, బ్రేకు పెడలు రబ్బరు చూడు. నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు అబద్ధం చెప్తా ఉంది. గొడ్డును కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పే వయసు వింటామా? నోరు తెరిచి పండ్లు చూస్తాం.

(ఇంకొకరు: ఐదింటిలో ఒకటి తిరిగి ఇస్తామంటే ఏది తీసుకుంటారు సార్?)

ఎవరిస్తారు, నువ్విస్తావా? (నవ్వులు) నాకైతే ఫియట్. మా ఆవిడకైతే 800. మా అమ్మ ఉండింటే సాంత్రో. ఇంట్లో ఓటింగు పెడితే నా ఓటు చెల్లదు.

టైము ఏడు దాటింది. నేను కదిరి రోడ్డులో బత్తలపల్లి దాకా పోతాను ఇప్పుడు. పిల్లలు యాడోళ్ళాడ ఉన్నారు, బండిలో నాలుగు సీట్లు ఖాళీ. ఆ దిక్కు పోయేవాళ్ళుంటే బస్సు కోసం నిలబడొద్దు, గేటు దగ్గర తెల్ల కారు. వెనక సీట్లో మందు డబ్బాలున్నాయి, కొంచెం జరుపుకుని కూర్చోండి.